పచ్చి ముక్క, పండిన ముక్క

"సాయంత్రం ఆరు దాటితే ఈ అమ్మాయిని స్టేషనుకి తీసుకెళ్ళిపోతానండీ. ఆ తర్వాత మీరూ నేనూ మాట్లాడుకునేదేమీ ఉండదు," అన్నాడు సీఐ ఫణికిరణ్.

తాడేపల్లిగూడెం శివార్లలో ఉన్న అయస్కాంతాల ఫ్యాక్టరీ, ఇన్‌స్పెక్షన్ గది. అతను నిలబడి ఉన్నాడు, నేను కుర్చీలో ఉన్నాను. మధ్యలో స్టూలు మీద లిడియా. ఇక్కడ సరుకు పరీక్షించే ఇరవై నాలుగేళ్ళ పిల్ల. పొద్దుటినుంచి ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎండిపోయాయి.

బేరంలో గడువు ముందే చెప్పేసేవాడు తొందరలో ఉన్నవాడు. సీఐకి ఈ కేసు మూసెయ్యాలని తొందర.

నాలుగు రోజుల కిందట ఈ ఫ్యాక్టరీ యజమాని పాండురంగారావు గారు పెదపాడు అవతల, కొల్లేటి అంచున ఉన్న తన చేపల చెరువులో, పడవ మీద ప్రాణం విడిచారు. గుండె జబ్బు మనిషి. ఎడమ భుజం కింద, చర్మం లోపల డాక్టర్లు చిన్న పెట్టె ఒకటి అమర్చారు. గుండె లయ తప్పితే ఆ పెట్టె లోపల్నుంచి షాక్ కొట్టి మనిషిని బతికిస్తుంది. ఇంతకుముందు రెండుసార్లు బతికించింది. ఈసారి కొట్టలేదు. అయస్కాంతం దగ్గరగా ఉన్నంతసేపూ ఆ పెట్టె షాక్ ఇవ్వదనీ, ఆయన పోయిన సమయంలో అదే జరిగిందనీ ఏలూరు డాక్టరు పరీక్షించి చెప్పాడు. ఆయన చొక్కా ఎడమ జేబులో అయస్కాంతం ముక్క దొరికింది. ఆ పొద్దున ఆయన చేతికి ముక్క ఇచ్చింది లిడియా.

ఇంతవరకూ పోలీసు లెక్క. కూడిక సరిపోయింది. కానీ మరీ సాఫీగా సరిపోయిన లెక్కనే నేను రెండోసారి చూస్తాను. ఏలూరు పవర్‌పేటలో ముప్ఫై ఏళ్ళు మోటారు సామాన్ల షాపు నడిపినదాన్ని. నాకు దొంగ బేరింగులు అంటగట్టినవాణ్ణి పట్టుకోవడంతో మొదలైన పని, తోటి వ్యాపారుల కోసం కూపీలు లాగడం దాకా వచ్చింది. షాపిప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు, నేను ఇది చూసుకుంటున్నాను. లిడియా తల్లి రత్నం టీచరు నిన్న మా ఇంటికొచ్చి, "మా పిల్ల తప్పు చేసుంటే నేనే జైలుకి పంపిస్తానండీ మాణిక్యం గారూ. చెయ్యలేదండీ," అని ఒక్క మాట చెప్పి కూర్చుంది. ఆ మాట తూకం నాకు నచ్చింది.

"లిడియా, మొదట్నుంచి చెప్పమ్మా. నాకేమీ తెలీదనుకుని చెప్పు."

"ముక్కలు ఇక్కడ తయారైనంతసేపూ వాటికి ఆకర్షణ ఉండదండి," అంది లిడియా. "పొడిని అచ్చులో నొక్కుతాం, కొలిమిలో కాలుస్తాం, సాన పడతాం, పైన నికెల్ పూత వేస్తాం. మెరుస్తూ ఉంటుంది గానీ గుండుసూదిని కూడా లాగదండి. దాన్ని మేం పచ్చి ముక్క అంటాం. ఆఖర్న ఛార్జింగ్ గదిలో కాయిల్ మధ్య పెట్టి ఒక్క దెబ్బ కరెంటు వదుల్తారు. అప్పుడది పండిన ముక్క. పండాక ఎవరి మాటా వినదండి. వేలు మధ్యలో పడితే నుజ్జే."

"ఆయనకి నువ్వు ఇచ్చిందేంటి?"

"పచ్చిదేనండి. రోజూ ఒకటి ఇస్తాను. పూత ఎలా వచ్చిందో సాయంత్రం ఎండలో భూతద్దం పెట్టి చూసుకోవడం ఆయనకి అలవాటండి. అందాకా జేబులో ఉంచుకుంటారు."

"ఇక్కడే ఉంది తిరకాసు," అన్నాడు సీఐ. "చూట్టానికి పచ్చిదీ పండిందీ ఒక్కలాగే ఉంటాయి. పరాగ్గా పండినదిచ్చింది. పరాకో, కావాలనో కోర్టు తేలుస్తుంది."

"పరాకు పడ్డానికి వీల్లేదండీ." లిడియా గొంతు మొదటిసారి లేచింది. "అయ్యగారి గది తలుపు పక్కన ఇనప రేకు బిగించి ఉంది, చూడండి. ఆయన ఒంట్లో పెట్టె పెట్టించుకొచ్చిన రోజునుంచీ ఉంది. ఎవరు ఏ ముక్క పట్టుకెళ్ళినా ముందు దానికి తాకించాలి. అతుక్కుంటే లోపలికి వెళ్ళకూడదు. అదిక్కడ గుళ్ళో చెప్పులు విప్పినట్టండి, చర్చిలో ముసుగేసుకున్నట్టండి. చెప్పేవాళ్ళు లేకపోయినా చేస్తాం. ఆ రోజూ తాకించాను. అయ్యగారు తలెత్తి చూసి 'పచ్చిదే' అని నవ్వారు కూడాను."

"నవ్వినాయన పోయారు. నవ్వారని చెప్పేది నువ్వొక్కదానివే."

సీఐ ఆ దారి మూసేశాడు. నేను ఇంకో వైపునుంచి వచ్చాను.

"పండిన ముక్కలు ఈ గదిలోకి వచ్చే దారి ఏదైనా ఉందా?"

"లేదండి. ఛార్జింగ్ గదిలోంచి నేరుగా ప్యాకింగుకి పోతాయి. నెల కిందట రాజేష్ గారు మాత్రం రైస్ మిల్లు వాళ్ళకి చూపిస్తానని పెద్ద దిమ్మ ఒకటి ఇటునుంచే పట్టుకెళ్ళారు. వడ్లలో మేకులూ బోల్టులూ ఏరడానికి వేస్తారే, ఆ దిమ్మ. సబ్బు బిళ్ళంత ఉంటుంది. రేపు తెచ్చేస్తానన్నారు. ఇంకా రాలేదండి."

"అదా! మిల్లాయన దగ్గరే ఉండిపోయింది లెండి," అని నవ్వు వినిపించింది. గుమ్మంలో రాజేష్, చేతిలో కాఫీ ట్రేతో. పాండురంగారావు గారి అన్న కొడుకు. అమ్మకాలన్నీ అతనివే. బాబాయికి పిల్లల్లేరు కనక ఇకమీదట ఫ్యాక్టరీ, చెరువులు కూడా అతనివే. "ఏవండీ మాణిక్యం గారూ, కాఫీ తీసుకోండి. సీఐ గారూ, మీకు పంచదార లేకుండా. బాబాయి పోయిన దగ్గర్నుంచి ఇంటికీ ఫ్యాక్టరీకీ తేడా తెలీట్లేదండీ నాకు."

కాఫీ తీసుకున్నాను. దిమ్మ మాట అక్కడితో వదిలేశాను. నా ధ్యాసంతా జేబులో దొరికిన చిన్న ముక్క మీదే ఉంది. పెద్ద సరుకు ఎదురుగా ఉండగా చిల్లర సరుకు లెక్కపెట్టుకునే షాపువాడిలా ఉన్నాను ఆ క్షణాన.

"ఆ ముక్క చూపించండి సీఐ గారూ."

అతను ప్లాస్టిక్ కవరు టేబుల్ మీద పెట్టాడు. అగ్గిపెట్టెలో సగం ఉండే వెండి రంగు ముక్క. దాని పొడవునా అతుక్కుని ఒక బాల్ పెన్ను.

"ఇలాగే దొరికాయా రెండూ?"

"ఇలాగే. ఒకే జేబులో."

"ఆయన అరచేతి ఫోటో ఉందన్నారు కదా?"

ఫోన్లో చూపించాడు. పాండురంగారావు గారికి కాగితం వాడే అలవాటు లేదు. చెరువులో మోటార్ల రీడింగు చూడగానే ఎడమ అరచేతి మీద రాసుకునేవారు. చనిపోయినప్పుడు కూడా అరచేతిలో నీలం సిరాతో అంకెలు ఉన్నాయి.

"ఇవెప్పుడు రాసుకున్నారు?"

"పడవ ఎక్కేముందు. గట్టు మీద కరెంటు బోర్డు దగ్గర. కాపలావాడు వీరాస్వామి చూశాడు. ఆ తర్వాత పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నారట. అయితే ఏవిటండీ?"

"మీరొక్కసారి సాయం చెయ్యాలి బాబూ. ఈ కవరు ఇలాగే మీ జేబులో వేసుకుని, ఒక్క చేత్తో పెన్ను ఒక్కటే బయటికి తియ్యండి. కవరు చింపకండి, సాక్ష్యం కదా."

విసుక్కుంటూనే వేసుకున్నాడు. లాగాడు. పెన్నుతోపాటు ముక్కా వచ్చింది. ముక్కని వేలితో అదిమిపట్టి మళ్ళీ లాగాడు. ఈసారి జేబు కుట్టు పటుక్కుమంది. రాజేష్ నవ్వాపుకున్నాడు. సీఐ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇనుముతో నలభై ఏళ్ళు బతికినాయన," అన్నాను. "ముక్క పండినదైతే పెన్ను తీసేటప్పుడే ఆయనకి తెలిసిపోయేది. ఎడమ జేబులో పండిన ముక్క ఉందని తెలిస్తే ఆ మనిషి గట్టు మీదే చొక్కా విప్పి విసిరేసేవారు. తీరిగ్గా అంకెలు రాసుకుని పెన్ను మళ్ళీ అదే జేబులో పెట్టుకున్నారంటే, అప్పటికి జేబులో ఉన్నది పచ్చి ముక్క. పచ్చి ముక్క జేబులో ఉన్నంత మాత్రాన పండదు. తర్వాత ఎవరో మార్చారు."

"బాగుందండీ. గట్టు దగ్గర పచ్చిది. పడవ మీద ఆయనా వీరాస్వామీ తప్ప ఇంకెవరూ లేరు. మరి ఆ పెట్టె నోరు మూసిందెవరు? గాలా? ఇది మీ షాపులో బేరింగులు అమ్మినంత తేలిక కాదండీ."

"తేలికని నేననలేదు. బేరింగు నకిలీదైతే కస్టమరు మర్నాడే తెచ్చి నా మొహాన కొడతాడు. మీ కేసు నకిలీదైతే ఈ పిల్ల బయటికి రావడానికి ఏళ్ళు పడుతుంది."

అతను కాసేపు చిరిగిన జేబు సర్దుకున్నాడు. మొండివాడే గానీ లెక్క అర్థంకాని మనిషి కాదు.

"ఆరింటిదాకా అన్నాను, మాట తప్పను. చెరువు చూసుకోండి. అమ్మాయ్, నువ్వు ఇంటికెళ్ళు. ఆరింటికి మీ ఇంటికొస్తాను. నువ్వక్కడ లేకపోతే తప్పు ఒప్పుకున్నట్టే."

నాతో కారులో రమ్మన్నాను లిడియాని. పరికరాలు అప్పగించి బస్సులో వస్తానంది. ఎప్పుడూ ఏ పనీ సగంలో వదల్లేదట. ఆ మాటకి నేను మెచ్చుకుని బయల్దేరాను. చెయ్యి పట్టుకుని లాక్కుపోవాల్సింది.

*

చెరువు గట్టు మీద వీరాస్వామి నాకోసం నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఎండకి నల్లబడి ఎండు చేపలా ఉన్నాడు. చెరువులో నాలుగు ఏరేటర్లు తెల్లగా నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి. నీళ్ళలో గాలి కలిపి చేపని బతికించే చక్రాలు అవి. ఈ నాలుగింటికీ పాండురంగారావు గారి అయస్కాంతాలతో చేసిన కొత్త మోటార్లు.

"అయ్యగారు రోజూ వచ్చేవారా?"

"ఆయ్. రెండు నెల్లుగా రోజూ సాయంత్రం వచ్చేవారండి. ఒక్కో మోటారు దగ్గరికీ పడవ మీద వెళ్ళి చెయ్యేసి చూసేవారు. వేడెక్కితే నీరసపడిపోతున్నాయిరా స్వామీ, ఎవడో మన సరుకులో కల్తీ కలుపుతున్నాడు, ఎవడో పట్టుకుంటాను అనేవారండి."

ఆ కల్తీ సంగతి నాకు షాపులోనే తెలుసు. వేడి తట్టుకునే రకం అయస్కాంతంలో ఖరీదైన దినుసు ఒకటి కలపాలి. అది తగ్గించి, పైకి అదే పేరుతో అమ్మితే చలికాలం అంతా బాగానే ఉంటుంది. ఎండలు ముదిరాక మోటారు నీరసించిన మనిషిలా అయిపోతుంది. అలాంటి మోటార్లు నాలుగు మా తమ్ముడి దగ్గరికి వాపసు వచ్చాయి. అమ్మకాలు ఎవరి చేతిలో ఉన్నాయో, మిగిలింది ఎవరి జేబులోకి వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు. కానీ అనుమానం సరుకు కాదు. సరుకు చూపిస్తేనే కొంటాడు సీఐ.

"ఆ రోజు జరిగింది చెప్పు వీరాస్వామీ. ఏదీ చిన్నదనుకోకు."

"ఏముందండి. బోర్డు దగ్గర రాసుకున్నారు. జాకెట్టు తొడుక్కున్నారు. పడవెక్కారు. మూడో మోటారు దగ్గర గుండె పట్టుకుని ఒరిగిపోయారండి. నేను గెడ వేసి ఒడ్డుకి తెచ్చేశాను. రాజేష్ బాబుగారు ఆవేళ గట్టు మీదే ఉన్నారు. పరిగెత్తుకొచ్చి జాకెట్టు ఊడదీసి, బాబాయ్ బాబాయ్ అని మీద పడిపోయారండి. నీళ్ళు తెమ్మంటే నేను షెడ్డులోకి పరిగెత్తాను. తెచ్చేసరికి అయిపోయింది."

"జాకెట్టంటే?"

"ఈత జాకెట్టండి. మునక్కుండా వేసుకుంటారే."

షెడ్డులోకి తీసుకెళ్ళాడు. రేకు గోడకి కొట్టిన మేకుకి నారింజ రంగు లైఫ్ జాకెట్ వేలాడుతోంది. పోలీసులు దాన్ని ముట్టుకోలేదు. నీళ్ళలో పడి చచ్చిపోయిన మనిషి కాదు కదా, జాకెట్టుతో వాళ్ళకేం పని.

"ఎన్నాళ్ళైంది ఇది కొని?"

"నెలవుద్దండి. రాజేష్ బాబుగారు తెచ్చారు. కాస్త బరువుండేదండి. మంచి కంపెనీది బరువే ఉంటుందన్నారు." వీరాస్వామి దాన్ని మేకు మీంచి తీసి చేతిలో ఎగరేశాడు. "ఇప్పుడు ఆరిపోయి తేలికైనట్టుంది. అంతకుముందు తీద్దామంటే వచ్చేది కాదండి. ఈ రేకు గోడకి కరుచుకుపోయేది. బురద అంటుకుందేమో అని నేను రోజూ తుడిచేవాణ్ణి."

నేను జాకెట్టు అందుకోబోతున్న చెయ్యి ఆపేశాను.

"ఏవన్నావు? రేకుకి కరుచుకునేదా?"

"ఆయ్. ఇంకోటండి, నవ్వకండి. అది తొడుక్కోగానే అయ్యగారి గుండెల్లోంచి కీచురాయి కూసినట్టు కూత వచ్చేదండి. కాసేపు కూసి ఊరుకునేది. ఫోనేమో చూసుకోండి అయ్యగారూ అనేవాణ్ణి. మిల్లుల్లో పనిచేసి ఆయన చెవులు పోయాయి కదండి, ఆయనకి వినపడేది కాదు. నీకే చెవుల్లో పురుగుందిరా అనేవారు."

గట్టు మీదికొచ్చి ఏలూరు డాక్టరుకి ఫోన్ చేశాను. "అవునండీ," అన్నాడాయన. "ఆయన ఒంట్లో ఉన్న రకం పెట్టె, అయస్కాంతం సోకగానే కాసేపు కూస్తుంది. కూత వినిపిస్తే దూరం జరగమని చెప్పాం. ఎందుకండీ?"

మళ్ళీ చెప్తానని పెట్టేశాను.

జాకెట్టు బల్ల మీద పరిచాను. ఎడమ ఛాతీ దగ్గర అంచు కుట్టు మిగతా కుట్టులా లేదు. కంపెనీ దారం నల్లది, సన్నంగా ఉంది. ఇక్కడ ఒక జానెడు మేర ఆకుపచ్చ నైలాన్ దారం, చేత్తో వేసిన కుట్లు. షెడ్డు మూలలో చిరిగిన వలలు బాగుచేసే దారం ఉండ అదే రంగులో ఉంది. ఫోన్లో కుట్టు ఫోటోలు తీసి, వీరాస్వామి కత్తితో నాలుగు కుట్లు మాత్రం తెంపాను. లోపల తెల్లటి ఫోము. ఫోములో చక్కగా కోసిన గుంట. సబ్బు బిళ్ళంత.

లిడియా చెప్పిన రైస్ మిల్లు దిమ్మ మాట అప్పుడు నా చెవిలో మోగింది.

రాజేష్ ఈ హత్య చేసిన తీరు అప్పుడు నాకు పూర్తిగా కనిపించింది. గొంతు పిసికినవాడు ఆ రోజే దొరకొచ్చు. విషం పెట్టినవాడికి మర్నాడు భయం. ఇతను అలాంటి రిస్కు తీసుకోలేదు. ముసలాయన గుండె ఎప్పుడో ఒకప్పుడు లయ తప్పుతుందని తెలుసు. రోజూ సాయంత్రం పడవ మీద ఉన్నంతసేపు ఆ పెట్టె నోరు మూయించి, గాలం వేసినవాడిలా గట్టు మీద కూర్చున్నాడు. ఒక రోజు తప్పినా నష్టం లేదు, మర్నాడు ఉంది. ఆ రోజు రానే వచ్చింది. శవం మీద పడి ఏడుస్తూ జేబులో పచ్చి ముక్క తీసి పండిన ముక్క పెట్టాడు. ఎప్పుడైనా డాక్టర్లు అయస్కాంతం మాట ఎత్తితే, ముక్క అందించిన పిల్ల ఉండనే ఉంది.

"వీరాస్వామీ, ఆ మర్నాడు రాజేష్ ఇక్కడికి వచ్చాడా?"

"వచ్చారండి. షెడ్డులో ఒక్కరే కూర్చుంటాను, బాబాయిని తలుచుకోవాలి అన్నారు. నేను గేటు దగ్గరున్నాను. పోలీసు జీపు గట్టెక్కిందని కేకేస్తే వెనక తలుపునుంచి బయటికొచ్చారు. నీళ్ళలో ఏదో ధబ్బుమంది. బొచ్చె చేప ఎగిరిందనుకున్నానండి."

పోలీసులు ఎదురుగా వస్తుంటే అంత బలమైన దిమ్మని జేబులో పెట్టుకోలేడు, కారులో దాచలేడు. ఇనుము కనిపించిన చోటల్లా అతుక్కుంటుంది. నీళ్ళే గతి. ఆ తర్వాత చెరువు దగ్గర రెండు రోజులు కానిస్టేబులు కాపలా. వెతుక్కోవడానికి వీలు దొరికి ఉండదు.

"పడవకి లంగరు ఉందా?"

"ఇనప కొక్కెం ఉందండి."

"చాలు. అయస్కాంతం పోతే ఇనుమే వెతుకుతుంది. పద."

ముందు సీఐకి ఫోన్ చేసి జాకెట్టు సంగతీ, పడవ మీద దిమ్మ వెతకబోతున్న సంగతీ చెప్పాను. "చెరువులో పడవ మీద మీకేం పనండీ? దేన్నీ కదపకండి. నేను గంటలో అక్కడుంటాను," అన్నాడు. తర్వాత లిడియాకి చేశాను. ఫోన్ ఆపేసి ఉంది. ఏడ్చి పడుకుందేమో అనుకున్నాను. నాకు నేను ఇచ్చుకున్న తప్పుడు తూకం అది.

షెడ్డు వెనకనుంచి ఒక మనిషి బలంగా విసిరితే ఎంత దూరం పడుతుందో అంచనా కట్టి, అక్కడికి పడవ తీసుకెళ్ళమన్నాను. తాడు కట్టిన కొక్కేన్ని అడుగు దాకా వదిలి, బురద మీద మెల్లిగా ఈడ్చాం. తుప్పు పట్టిన డబ్బా మూత వచ్చింది. మళ్ళీ వదిలాం. పొద్దు వాలింది. పక్షులు గుంపులుగా కొల్లేటి వైపు పోతున్నాయి. వీరాస్వామి గెడ వేస్తూ, "మీకెందుకండీ ఈ బురద, చెప్తే నేను దిగి చూస్తాను కదా," అంటున్నాడు. అంతలో నా చేతిలో తాడు ఒక్కసారి బిగిసింది. చేప లాగినట్టు కాదు. ఎవరో కింద కొక్కేన్ని పట్టుకున్నట్టు.

పైకి లాగితే బురద ముద్ద వచ్చింది. నీళ్ళతో కడిగాను. వెండిలా మెరిసే దిమ్మ, కొక్కేన్ని నిలువునా కరుచుకుని ఉంది. ఒక మూల పూత లేచిపోయింది. మరో మూల ఆకుపచ్చ నైలాన్ దారం పోగు ఒకటి చుట్టుకుని ఉంది.

"అమ్మగారండీ," అన్నాడు వీరాస్వామి. "కారొస్తోందండి."

సీఐ అనుకుని తలెత్తాను. తెల్ల కారు. గట్టు మీద షెడ్డు ముందర ఆగింది. రాజేష్ దిగాడు. అటు తిరిగి రెండో తలుపు తెరిచాడు. లిడియా దిగింది.

"మాణిక్యం గారండీ!" అని కేకేసింది ఆ పిల్ల, నన్ను చూసిన సంతోషంతో. "బస్టాండు దగ్గర రాజేష్ గారు కనిపించారండి. సీఐ గారు నన్ను చెరువు దగ్గరికి తీసుకురమ్మన్నారటండి! నా ఫోన్ ఛార్జింగు అయిపోయింది, మా అమ్మకి మీరొక్కసారి చెప్తారా?"

సీఐ ఎవర్నీ రమ్మనలేదు. లెక్క నాకు వెంటనే తేలిపోయింది. నింద పడ్డ పిల్ల ఆరింటికి ఇంట్లో లేదు. యజమాని పోయిన చెరువులోనే శవమై తేలింది. ఇంకెవరు ఏం అడుగుతారు? తప్పు ఒప్పుకున్నట్టే అని సీఐ స్వయంగా అన్నాడు. దిమ్మ అతను పట్టుకెళ్ళడం కళ్ళారా చూసిన ఒక్క సాక్షి నోరూ మూసుకుపోతుంది.

రాజేష్ నా ఒళ్ళో మెరుస్తున్నదాన్ని చూశాడు. అతని మొహంలో ఏమీ మారలేదు. మెల్లిగా వచ్చి లిడియా మోచెయ్యి పట్టుకున్నాడు, పెద్దవాళ్ళని రోడ్డు దాటించినట్టు, అంత మర్యాదగా.

"ఏవండీ మాణిక్యం గారూ, బురదలో చెయ్యి పెట్టారే. అది మిల్లాయనదండీ. అక్కడే నీళ్ళలో వదిలెయ్యండి. ఈ అమ్మాయిని మీ కారులో ఇంటికి తీసుకెళ్ళిపోండి. ఇద్దరికీ బాగుంటుంది కదండీ?"

సరుకు నా దగ్గర, మనిషి అతని దగ్గర. పైకి సమానమైన బేరమే. కానీ లిడియా బతికుంటే అతనికి ఏ లెక్కలోనూ లాభం లేదు. ఇవ్వడానికి మనసులేని వస్తువుకే మనిషి అంత తేలిగ్గా ధర చెప్తాడు. నాకు కావలసింది సమయం. సీఐ బయల్దేరి ఎంతసేపైందో లెక్క వేసుకుంటూ, "ముందు అమ్మాయిని వదలండి బాబూ, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాను.

లిడియా నావైపు చూసింది, కొక్కేనికి అతుక్కున్న దిమ్మవైపు చూసింది. రోజూ అలాంటివి చేత్తో పట్టుకుని చూసే పిల్ల. నేనేమీ చెప్పక్కర్లేకపోయింది.

"వదలకండి!" అని అరిచింది. "అది నీళ్ళలో పడితే నేను పోయినట్టేనండీ. వదలకండి!"

ఒక్క గుంజు గుంజుకుని చెయ్యి విడిపించుకుంది. పరిగెత్తడానికి గట్టు మీద దారి లేదు, ఒక పక్క కారు, ఒక పక్క నీళ్ళు. పక్కనే ఉన్న కరెంటు స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని కూలబడింది. రాజేష్ ఆమె జుట్టు పట్టుకున్నాడు. నెల రోజులుగా, బహుశా పుట్టిన దగ్గర్నుంచీ, అతని నోట్లో ఉన్న అండీ అక్కడితో పోయింది.

"వదులే! ఏయ్ వీరాస్వామీ! పడవ గట్టుకి తే. ఆవిడ చేతిలోది నాకు పట్టుకొచ్చి ఇయ్యి."

నేను దిమ్మని పొట్టకి అదుముకుని, "అటు వద్దు, అవతలి గట్టుకి పోనియ్యి. అక్కడెవరైనా ఉంటే వినేలా కేక వెయ్యి," అన్నాను వెనక్కి చూడకుండానే.

పడవ కదిలింది. అవతలి గట్టుకి కాదు.

తిరిగి చూశాను. సాయంత్రమంతా అన్ని లెక్కలూ వేశాను గానీ ఆ ఒక్క మనిషిని ఏ పక్కన వెయ్యాలో ఆలోచించలేదు. వీరాస్వామి గెడ మీద ఒళ్ళంతా వాల్చి, నా మొహం చూడకుండా, రాజేష్ ఉన్న గట్టు వైపే తోస్తున్నాడు. అతని కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"ఏం చెయ్యమంటారమ్మా," అన్నాడు. "ఇప్పుడు ఆయనే కదండీ మా అయ్యగారు."